రేకు పిల్లనగ్రోవి: వెలయు విలువయు

భరతముని నాట్యశాస్త్రమున వాద్యములను తతము, అవనద్ధము, ఘనము, సుషిరము అని నాలుగు తెగలుగా విభజించెను. తీగ మీటగా పలుకునది తతము. తోలు మూయబడి మ్రోగునది అవనద్ధము. ఒండొంటిని తాకి ధ్వనించునది ఘనము. గాలి నింపగా పాడునది సుషిరము. ఈ విభజనమునకు ఆధారము నాదము పుట్టు విధమే గాని వాద్యము వెల కాదు. రాజాస్థానమునందలి దంతపు వేణువును, గొల్లపిల్లవాని చేతిలోని వెదురు గొట్టమును శాస్త్రమునందు ఒకే పంక్తిని కూర్చుండును. సంగీతచరిత్రలు వ్రాసినవారందరును ఈ సమదృష్టిని పాటించిరని చెప్పుటకు వీలులేదు. వారి గ్రంథములలో వీణలకును, వాయులీనములకును, పియానోలకును అధ్యాయములు కలవు. సంతలో నాలుగు కాసులకు దొరకు వాద్యములకు అధస్సూచికలోనైనను చోటు దొరకుట అరుదు.

అట్టి వాద్యములలో ఒకటి రేకు పిల్లనగ్రోవి. ఆంగ్లమున దీనిని టిన్ విజిల్ అనియు, పెన్నీ విజిల్ అనియు అందురు. జానెడు పొడవుకు కొంచెము మించిన లోహపు గొట్టము, ఒక మూతి, ఆరు రంధ్రములు: ఇంతియే దాని ఆకారము. దీని చరిత్రలో రెండు వెలలు కలవు. ఒకటి వాద్యము వెల. రెండవది దానిని వాయించువానికి లోకము కట్టిన వెల. మొదటిది తక్కువగుట లోకమునకు మేలు చేసెను. రెండవది తక్కువగుట అన్యాయము. ఈ రెండింటిని కలగలిపి చూచుటచేతనే ఈ వాద్యమునకు తగిన గౌరవము చిరకాలము లభింపలేదు.

ఊదు గొట్టము మానవుని ప్రాచీనవాద్యములలో ఒకటి. జర్మనీదేశపు నైరుతి భాగమున హోలె ఫెల్స్ అను గుహలో 2008లో దొరకిన రాబందు ఎముక వేణువు ముప్పదియైదువేల సంవత్సరములకు పైబడినది. దానికి ఐదు రంధ్రములు కలవు. పెదవుల వంపుతో గాలిని అంచున కొట్టించుట సాధనమువలన గాని అలవడదు. ఆ కష్టమును తొలగించుటకై పూర్వులు గొట్టము మూతిలో ఒక బిరడాను బిగించి, దానికిని గొట్టమునకును నడుమ సన్నని గాలిదారిని విడిచి, ఆ దారి చివర ఒక పదునైన అంచును తీర్చిరి. ఇక ఊదువాడు పెదవులను దిద్దుకొనవలసిన పనిలేదు. గాలి తనంతట తానే అంచునకు పోయి తాకును. డబ్లిన్ నగరపు త్రవ్వకములలో మధ్యయుగమునాటి ఎముక ఈలలు బయల్పడినవి. పదునేడవ శతాబ్దమున ఈ జాతి వాద్యమే ఫ్లాజలెట్ అను పేర నాగరికుల యిండ్లలో ప్రవేశించెను. లండను నగరపు దినచర్యకారుడు సామ్యూల్ పీప్స్ దానిని వాయించుచుండెను. 1667లో తన భార్యకు గురువును పెట్టి నేర్పించెను.

అయినను ఫ్లాజలెట్ సామాన్యుల సొత్తు కాలేదు. కొయ్యనో దంతమునో తొలిచి, గాలిదారిని సరిదిద్ది, రంధ్రములను శ్రుతికి కుదుర్చుటకు నేర్పరియైన పనివాని శ్రమ ఎంతయో కావలసియుండెను. వెల వస్తువులో లేదు, పనివాని దినములలో ఉన్నది. ఆ దినములను గడియలుగా తగ్గించినది పందొమ్మిదవ శతాబ్దపు యంత్రపరిశ్రమ. ఇనుపరేకుకు తగరపు పూత పూసినచో అది తుప్పుపట్టదు, సులభముగా వంగును, అతికించుట తేలిక. ఆ శతాబ్దమున దక్షిణ వేల్స్ ప్రాంతపు కర్మాగారములు ఇట్టి రేకును విస్తారముగా ఉత్పత్తి చేసి దేశదేశములకు పంపెను. 1810లో పీటర్ డ్యూరండ్ ఆహారమును డబ్బాలలో నిలువచేయు పద్ధతికి ఇంగ్లండులో హక్కుపత్రము పొందినది మొదలు రేకునకు గిరాకి పెరిగెను. మన పల్లెలలో కిరసనాయిలు డబ్బారేకు దీపపు బుడ్డిగను, చేటగను, తడికతలుపుగను మారినట్లే ఐరోపాలోను రేకు పేదవాని లోహమయ్యెను. అది పాడుటకు నేర్చుకొనుట మాత్రమే మిగిలియుండెను.

ఆ పని చేసినవాడు రాబర్ట్ క్లార్క్. అతడు తూర్పు ఇంగ్లండులోని సఫోక్ మండలమున కోనీ వెస్టన్ అను చిన్న గ్రామపు వ్యవసాయ కూలి. ఆ కాలమున ఆ ప్రాంతపు కూలివానికి వారమునకు పది షిల్లింగులు కూడ దొరకుట కష్టము. అతనికొక కొయ్య ఈల ఉండెననియు, దానిని చూచి ఊరి కమ్మరి సాయముతో రేకుతో అట్టిదే చేసెననియు చెప్పుదురు. 1843లో అతడు తన పనిముట్లను ఒక తోపుడు బండిపై వేసికొని, కుమారుని వెంటబెట్టుకొని, దారిలోని సంతలలో ఈలలు చేసి అమ్ముకొనుచు, కాలినడకను మాంచెస్టరు చేరెనని ఆ వంశమువారి కథ. మాంచెస్టరు అప్పటికి నూలుమిల్లుల నగరము; పల్లెలు విడిచి వచ్చిన కూలిజనముతో నిండిన నగరము. ఆ నగరపు అంచున న్యూ మోస్టన్ అను చోట అతడు కర్మాగారమును నెలకొల్పెను. అతని పేరుగల ఈలలు ఆ నమూనాతోనే నేటికిని తయారగుచున్నవి.

క్లార్కు చేసిన యుక్తి చూచుటకు అల్పము, ఆలోచింపగా గొప్పది. అతడు గొట్టమును తొలువలేదు. చదునైన రేకును కత్తిరించి, చివరకు సన్నబడునట్లు చుట్టి, అతుకు వేసెను. రంధ్రములను రేకుపై ముందే గుర్తించి పొడువవచ్చును. మూతిలో కొయ్యముక్కను బిగించి గాలిదారిని ఏర్పరచెను. ఒక నమూనా కుదిరినచో వేయి ఈలలు ఒకే శ్రుతిలో పుట్టును. తరువాతి కాలమున ఇత్తడి గొట్టములును, సీసపు మూతులును, ఆ పిమ్మట ప్లాస్టిక్ మూతులును వచ్చినవి. నిర్మాణసూత్రము మాత్రము మారలేదు.

స్వరసంపదలోను ఇది అల్పమైనది కాదు. ఆరు రంధ్రములను మూసి ఊదగా వచ్చు స్వరమును షడ్జముగా గైకొని, క్రిందినుండి ఒక్కొక్క వ్రేలిని ఎత్తుచు పోయినచో మన శంకరాభరణపు స్వరములు వరుసగా పలుకును. శ్వాసను కొంచెము హెచ్చించినచో అవే స్వరములు పైస్థాయిలో వినబడును. పై వ్రేలిని ఎత్తి, దాని క్రింది రెండు వ్రేళ్లను మూసినచో కాకలి నిషాదమునకు మారుగా కైశికి నిషాదము దొరకును. అప్పుడు శంకరాభరణము హరికాంభోజి యగును. రెండవ స్వరమును ఆధారముగా గైకొన్నచో గ్రహభేదముచే ఖరహరప్రియ స్వరములు సిద్ధించును. ఐర్లండ్ దేశపు నాట్యగీతములలో మిక్కిలి భాగము ఈ వరుసలలోనే నడచును. పన్నెండు స్వరస్థానములును సమముగా పలుకు యంత్రము కాకపోయినను, ఒక జాతి పాటలను పాడుటకు దానికి లోటు లేదు.

దీనికి పెన్నీ విజిల్ అను పేరు ఒక పెన్నీకి దొరకుటచేత వచ్చెనని కొందరును, వీధిలో వాయించు పిల్లలకు దారినపోవువారు ఒక పెన్నీ విసరుటచేత వచ్చెనని కొందరును అందురు. ఈ రెండర్థములును చరిత్రకు ఉపయోగించునవే. ఒకటి వాద్యము వెలను చెప్పుచున్నది. రెండవది వాయించువాని వెలను చెప్పుచున్నది. ఆ కాలపు పెన్నీ షిల్లింగులో పన్నెండవ భాగము, పౌనులో రెండువందల నలుబదవ భాగము. పేరులోనే ఇంత చౌకదనము నిలిచియుండుటచే పెద్దలు దానిని ఆటవస్తువుగా చూచిరి. వస్తుశాలలును దానిని లక్ష్యపెట్టలేదు. వెలగల వాయులీనము పెట్టెలో భద్రముగా తరతరములు నిలుచును. రేకు ఈల వంగినచో పారవేయుదురు, తుప్పుపట్టినచో మరియొకటి కొందురు. కావున పందొమ్మిదవ శతాబ్దమున లెక్కకు మిక్కిలిగా తయారైన ఈలలలో మిగిలినవి బహుస్వల్పము. చౌకవస్తువు చరిత్ర ఆ వస్తువులో దొరకదు; అది నేర్పిన పాటలలో వెదకవలెను. అట్టి వెదకులాటకు మొదటి స్థలము ఐర్లండు.

ఐర్లండులో సంగీతమునకు రాజు ఇలియన్ పైపులు అను తిత్తివాద్యము. మన తిత్తివలె దీనికిని చంకలో గాలిసంచి ఉండును. కాని దీనిలో పాట పలుకు గొట్టము, నిలుకడగా మ్రోగు శ్రుతిగొట్టములు, తోడుస్వరముల మీటలు అన్నియు చేరి మిక్కిలి సంక్లిష్టమైనది. ఏడేండ్లు నేర్చి, ఏడేండ్లు సాధించి, ఏడేండ్లు వాయించినగాని ఒకడు దీనిలో విద్వాంసుడు కాడని ఆ దేశపు నానుడి. ఇట్టి వాద్యమును చేయువారును, కొనువారును, ఇరువదియొక్క యేండ్లు తీరికగా సాధించువారును ఉండుటకు పల్లెలు ప్రశాంతముగా ఉండవలెను. 1845 మొదలు 1852 వరకు సాగిన బంగాళాదుంపల కరవు ఆ ప్రశాంతిని హరించెను. పదిలక్షలమంది మరణించిరి, అంతకు మించినవారు ఓడలెక్కి దేశము విడిచిరి. గాయకులును, వారికి ఆశ్రయమిచ్చిన కుటుంబములును ఒక్కటిగా పోయిరి. ఆ దేశపు ప్రాచీనగీతములను సేకరించి 1855లో ప్రకటించిన జార్జి పెట్రీ, తన గ్రంథపు పీఠికలో, కరవు తరువాత పల్లెలపై కమ్ముకొనిన నిశ్శబ్దము గూర్చి మిక్కిలి ఆవేదనతో వ్రాసెను. పొలములు పాడుటను మానివేసెనన్నది ఆతని బాధ.

ఆ నిశ్శబ్దమును భంగపరచినవానిలో చౌకవాద్యములు ముఖ్యమైనవి. కరవునకు రెండేండ్లు ముందు మాంచెస్టరు బాట పట్టిన రేకు ఈల ఆ శతాబ్దపు ఉత్తరార్ధమున ఐర్లండు పల్లెలకు చేరెను. ఇంగ్లండులో రైలుమార్గములును కాలువలును త్రవ్వబోయిన ఐరిష్ కూలీలు వీనిని కొని జేబులలో వేసికొని ఇండ్లకు తెచ్చిరని చెప్పుదురు. తిత్తివాద్యము లేని యింటిలోను తిత్తిపాటలు ఎరిగిన పెద్దవారుండిరి. వారి నోటినుండి ఆ పాటలు పిల్లల ఈలలలోనికి దిగెను. ఐరిష్ భాషలో దీనికి ఫెడోగ్ స్టాన్ అని పేరు. తగరపు ఈల అని అర్థము. పరభాషాప్రాంతమున పుట్టిన వస్తువు ఆ భాషలో సొంతపేరు సంపాదించుకొనుట దాని ప్రవేశమునకు సాక్ష్యము.

ఈ సంక్రమణము ఈల వాయించు రీతిలోనే వినబడుచుండును. తిత్తివాద్యమున నాలుకకు పని లేదు. సంచిలోని గాలి ఎడతెగక పారును. కావున ఒకే స్వరమును రెండుమారులు పలికింపవలెనన్నచో నడుమ ఒక వ్రేలిని రెప్పపాటు ఎత్తియో, రంధ్రమును ఒక్క దెబ్బ తట్టియో వేరుచేయవలెను. ఈ అలంకారములు మన స్ఫురితాది గమకములను జ్ఞప్తికి తెచ్చును. ఈలను ఊదువానికి నాలుక ఉన్నది. అయినను ఐర్లండులో ఈల వాయించువారు నాలుకను మితముగా వాడి, తిత్తివాని వ్రేళ్లపనినే అనుసరింతురు. పెన్నీ వెలగల గొట్టమున పెద్ద వాద్యపు వ్యాకరణము భద్రమైయున్నది. ఈలపై నేర్చిన వ్రేళ్లు తరువాత కొయ్యవేణువునకును, తిత్తివాద్యమునకును కొంచెము మార్పుతో సరిపోవును. కావున పిల్లవానికి అది మొదటి బడి.

వలసపోయినవారి వెంట పాటలును పోయినవి. కార్క్ మండలమున 1848లో పుట్టిన ఫ్రాన్సిస్ ఓనీల్ సముద్రములు తిరిగి షికాగో చేరి, 1901 నుండి 1905 వరకు ఆ నగరపు పోలీసు అధిపతిగా ఉండెను. అతడు స్వయముగా వేణువాదకుడు. ఆ నగరమున స్థిరపడిన తన దేశీయుల నోళ్లనుండియు వాద్యములనుండియు గీతములను కూర్చి, 1903లో 1,850 గీతములతో ఒక సంపుటమును, 1907లో 1,001 నాట్యగీతములతో మరియొక సంపుటమును ప్రకటించెను. ఈ సంపుటములు తిరిగి ఐర్లండు పల్లెలకు చేరి అక్కడివారికే ఆధారగ్రంథములయ్యెను. 1951లో కోల్టస్ కోల్టోరీ ఏరన్ అను సంఘము ఏర్పడి, పోటీల మూలమునను తరగతుల మూలమునను సంప్రదాయవాద్యములను ప్రోత్సహించెను. ఆ పోటీలలో రేకు ఈలకును ఒక విభాగము ఏర్పడుట చిన్న విషయము కాదు. ఆటవస్తువునకు పందెము పెట్టరు.

క్లేర్ మండలపు డూలిన్ గ్రామమున చిన్న కమతముతో జీవించిన మీకో రస్సెల్ (1915–1994) ఈ సంప్రదాయమునకు ఉదాహరణము. అతని వాదనమున వేగమును లేదు, ఆడంబరమును లేదు. ఒక్కొక్క స్వరమునకు మధ్య గాలి ఆడునట్లు విడిచి, పాటతోపాటు దాని కథను కూడ చెప్పుచుండెను. 1973లో అఖిల ఐర్లండు పోటీలో ఈల విభాగమున బహుమతి పొందెను. మేరీ బర్గిన్ 1979లో కేవలము ఈ వాద్యపు పేరుననే వెలువరించిన సంగీతఫలకము, దీనిలో ఎంత నిపుణత సాధ్యమో నిరూపించెను. 1962లో చీఫ్‌టన్స్ అను బృందమును స్థాపించి లోకమంతయు తిరిగిన పాడీ మొలోనీ తిత్తివిద్వాంసుడు. అతని బాల్యవాద్యము రేకు ఈలయే.

ఐర్లండులో ఈలతోపాటు నిలిచిన చిన్న వాద్యములు మరికొన్ని కలవు. కొయ్యచట్రమునకు మేకతోలు బిగించిన బౌరాన్ మన తప్పెటకు దగ్గరి చుట్టము; 1960 ప్రాంతమున షాన్ ఓ రియాడా అను స్వరకర్త దానిని మేళమున చేర్చి గౌరవము కలిగించెను. పశువుల ప్రక్కటెముకలు రెండు వ్రేళ్లనడుమ పట్టి తాళము వేయుట మరియొకటి. పండ్లనడుమ పట్టి మీటు ఇనుప మోర్సింగు ఐరోపా అంతటను సంచారి వర్తకుల మూటలలో ఉండెడిది. అదే జాతి వాద్యము మన కర్ణాటక సంగీతసభలలో మృదంగము సరసన కూర్చున్నది. జర్మనీలో ట్రొసింగెన్ పట్టణమున మథియాస్ హోనర్ 1857లో నోటిహార్మోనియముల తయారీ ప్రారంభించి, మొదటి యేట 650 చేసెనందురు; ఆ పిమ్మట ఆ కర్మాగారపు సరకు ఖండఖండాంతరములకు పోయెను. వీనియన్నిటికిని సామాన్యలక్షణము ఒకటే: జేబులోనో మూటలోనో ఇమిడి, యజమాని ఎచ్చటికి పోయిన అచ్చటికి పోవుట.

ఆ విధముగా రేకు ఈల ఆంగ్ల వర్తకపు దారుల వెంట దక్షిణాఫ్రికాకును చేరెను. అచ్చట పశువుల కాపరి పిల్లలు రెల్లుగొట్టములు ఊదుట అంతకుముందే కలదు. బంగారు గనుల నగరమైన జోహన్నెస్‌బర్గ్ అంచున నల్లజాతివారు నివసించు అలెగ్జాండ్రా మొదలగు పేటలలో, 1930–40 ప్రాంతముల బాలురు స్కాట్లండు సైనికుల కవాతుమేళములను అనుకరించి, గళ్ల లుంగీల వంటి దుస్తులు ధరించి, ఈలలును డప్పులును వాయించుచు వీధుల వెంట నడచెడివారు. సైన్యపు తిత్తివాద్యము కొనుటకు వారికి శక్తి లేదు. రేకు ఈల దానికి బదులుగా నిలిచెను. ఐర్లండు పిల్లవానివలెనే ఆఫ్రికా పిల్లవాడును అందని పెద్ద వాద్యమును అందిన చిన్న వాద్యమున వినెను.

అలెగ్జాండ్రాకు చెందిన విల్లర్డ్ సెలె అను వికలాంగుడైన యువకుడు ఈల మూతిని పెదవుల కొసలకు ఏటవాలుగా త్రిప్పి పండ్లనడుమ పట్టి ఊదు పద్ధతిని ప్రచారమునకు తెచ్చెనని చెప్పుదురు. ఇందుచే నాదము గుబురెక్కును. స్వరములను జార్చుటకును వంచుటకును వీలు కలుగును. 1951లో విడుదలైన ‘ది మేజిక్ గార్డెన్’ అను చలనచిత్రమున అతడు కనబడి వాయించెను. పేటల పిల్లలు అతనిని అనుకరించిరి. ఈలకు తోడుగా ఒక గిటారు, తేయాకు పెట్టెకు కఱ్ఱయు త్రాడును కట్టి చేసిన మంద్రవాద్యము చేరగా క్వేలా అను నూతన సంగీతము రూపొందెను.

క్వేలా అను మాటకు జులూ భాషలో ఎక్కుట అని అర్థము. పోలీసు బండి వచ్చినపుడు పట్టుబడినవారిని ఎక్కుమని గద్దించుటచే ఆ బండికే జనులు క్వేలా-క్వేలా అని పేరు పెట్టిరి. 1948లో వర్ణవిచక్షణను ప్రభుత్వవిధానముగా చేసిన పక్షము అధికారమునకు వచ్చెను. నల్లజాతివాడు నగరమున తిరుగుటకు అనుమతిపత్రము చూపవలెను. ఏ జాతి ఏ పేటలో నివసింపవలెనో 1950 నాటి చట్టము నిర్ణయించెను. 1955 ఫిబ్రవరిలో సోఫియాటౌన్ పేటను ఖాళీచేయించుట ప్రారంభమయ్యెను. అట్టి నగరపు వీధిమూలలలో నిలిచి బాలురు ఈలలు ఊది, తెల్లవారు విసరిన నాణెములను ఏరుకొనెడివారు. పోలీసులు వచ్చినచో ఈలను జేబులో దాచి పరుగెత్తెడివారు. దాచుటకు వీలగు వాద్యమే అచ్చట బ్రదికి బట్టకట్టగలిగెను. సంగీతమునకు పోలీసుబండి పేరు నిలిచిపోవుట ఆ కాలపు చరిత్రను ఒక్కమాటలో చెప్పుచున్నది.

స్పోక్స్ మషియానే (1933–1972) ఆ సంగీతమునకు మొదటి ప్రఖ్యాత విద్వాంసుడు. 1954లో అతడిచ్చిన ఫలకములు విరివిగా అమ్ముడుపోగా వ్యాపారులు ఈల వాయించు బాలురకై వీధులు వెదకిరి. 1958లో ఇలియాస్ లెరోలె బృందము వాయించిన ‘టామ్ హార్క్’ ఇంగ్లండులో ఒక టెలివిజన్ కథామాలకు శీర్షికగీతమై, ఆ దేశపు అమ్మకముల పట్టికలో రెండవ స్థానమునకు ఎక్కెను. జోహన్నెస్‌బర్గు వీధిపాట లండను ఇండ్లలో మ్రోగెను. కాని ఆ కాలమున ఇట్టి వాదకులకు ఒక్కసారి కొంత రొక్కమిచ్చి పంపివేయుట వాడుక. తరువాతి అమ్మకములలో వారికి భాగము లేదు. ఆ పాటకు కర్తృత్వము కూడ వాయించినవారి పేర గాక ఫలకముల నిర్మాత పేర నమోదయ్యెను. అదే సంవత్సరమున మషియానే వేరొక సంస్థకు మారి, అమ్మకములపై భాగము పొందునట్లు ఒప్పందము చేసికొనెను; ఆ దేశపు నల్లజాతి వాదకులలో ఈ హక్కు పొందిన తొలివారిలో అతడొకడు. 1965లో అమెరికాలోని న్యూపోర్ట్ జానపద సంగీతోత్సవమున వాయించెను.

పెన్నీ విజిల్ అను పేరుకు గల రెండర్థములు ఇచ్చట ఎదురెదురుగా నిలుచుచున్నవి. వాద్యము చౌక గనుక పిల్లవాడు వాదకుడయ్యెను. వాద్యము చౌక గనుక అతని విద్యయు చౌకయని వ్యాపారి తలచెను. మొదటి వాక్యమునుండి రెండవ వాక్యము పుట్టదు. రేకు గొట్టమునకు పెన్నీ చాలును. ఆ గొట్టమున పలికిన పాటకు వెల కట్టుట వేరు. 1960 ప్రాంతమునుండి మషియానేతో సహా పలువురు వాదకులు శాక్సఫోనుకు మారిరి. పెద్ద వాద్యమునకు పెద్ద గౌరవము, పెద్ద ప్రతిఫలము దొరకుననుట వారు అనుభవమున నేర్చిన పాఠము. క్వేలా క్రమముగా వెనుకబడినను, 1986లో పాల్ సైమన్ ‘గ్రేస్‌లాండ్’ ఫలకమున మోరిస్ గోల్డ్‌బర్గ్ వాయించిన ఈలనాదము ఆ వీధులను లోకమునకు మరల జ్ఞప్తి చేసెను.

బ్రిటనులోను ఐర్లండులోను 1971 ఫిబ్రవరి 15న నాణెములు దశాంశపద్ధతికి మారెను. షిల్లింగునకు పన్నెండు వచ్చు పాత పెన్నీ ఆనాటితో పోయెను. ఆ యేటి చివరనే ఈ వాద్యకుటుంబమున ఒక క్రొత్త సంతతి కలిగెను. ఐరిష్ వాదకుడు ఫిన్బర్ ఫ్యూరీకి ప్రాణప్రదమైన భారతదేశపు వెదురువేణువు ఒకటి ఉండెను. అది బాగుచేయుటకు వీలులేనట్లు చితికిపోయెను. ఆంగ్ల వాద్యనిర్మాత బెర్నార్డ్ ఓవర్టన్ దానికి బదులు లోహపు గొట్టముతో మంద్రస్థాయిలో పలుకు పెద్ద ఈలను చేసెను. నేడు ఐరిష్ సంగీతమున గంభీరముగా వినబడు లో విజిల్ అను వాద్యమునకు అదియే ఆరంభము. ఈ దేశపు సంతలలో పుట్టు వెదురు గొట్టము విరిగి ఐర్లండు లోహమున తిరిగి జన్మించినట్లయ్యెను.

ఆ వెదురునకు స్వదేశమున కలిగిన గౌరవమును కూడ కష్టార్జితమే. కుంభకోణమునకు చెందిన శరభశాస్త్రి (1872–1904), చూపులేనివాడయ్యును, ముప్పదిరెండేండ్ల జీవితములోనే వేణువును కర్ణాటక సంగీతసభలలో ప్రధానవాద్యముగా నిలిపెను. ఉత్తరమున పన్నాలాల్ ఘోష్ (1911–1960) పొడవును వ్యాసమును పెంచి, బాఁసురీని ఖయాలు గానమునకు తగిన మంద్రగంభీరవాద్యముగా తీర్చెను. వీరిలో ఎవరును వెదురు వెలను పెంచలేదు. వెదురు వెదురుగానే ఉన్నది. జాతరలో పిల్లలకు అమ్ము పిల్లనగ్రోవియు, సభలో వాయించు వేణువును ఒకే పొదనుండి రావచ్చును. మారినది వినువారి చెవి.

రేకు పిల్లనగ్రోవి చరిత్ర చెప్పు పాఠమును ఇదియే. సఫోక్ కూలివాడు దానిని చేసెను. కరవు మిగిల్చిన పల్లెలు దానిపై తమ పెద్దల పాటలను నిలుపుకొనెను. అనుమతిపత్రములు అడుగు నగరమున బాలురు దానిని జేబున దాచుకొని క్రొత్త సంగీతమును సృష్టించిరి. పెద్ద వాద్యము కొనలేనివాడు సంగీతము నేర్వరాదను నియమము ఏ శాస్త్రమునను లేదు. పేదరికము మాత్రమే ఆ నియమము చేసినది. దానిని పెన్నీ ఖర్చుతో ఉల్లంఘించుటకు ఈ వాద్యము దారి చూపెను. వాయించినవారికి చెల్లవలసినది చెల్లించు బాధ్యత మాత్రము గొట్టముది కాదు, విన్న లోకముది. ఆ బాకీలో చాలభాగము ఇంకను తీరవలసియున్నది. టామ్ హార్క్ విన్నవారు లక్షలు. దానిని ఊదిన బాలుర పేర్లు ఎరిగినవారు కొలదిమంది.